బలం గోలీల లెక్క

భద్రాచలం, మణుగూరు, ఇల్లెందు, పాల్వంచ దిక్కుల నుంచి వైద్యానికి బయల్దేరిన మనిషికి ఖమ్మమే పెద్దాసుపత్రుల ఊరు. గుండె డాక్టరు దగ్గరికి వెళ్లినా, నరాల డాక్టరు దగ్గరికి వెళ్లినా, పిల్లలు పుట్టడం లేదని సంతాన కేంద్రం మెట్లెక్కినా ఈమధ్య మందుల చీటీ చివరి వరసలో ఒక పేరు కనిపిస్తోంది. కోఎంజైమ్ క్యూ10. కొన్ని డబ్బాల మీద యుబిక్వినాల్ అని ఉంటుంది. ఇదెందుకని అడిగితే కౌంటర్ అవతలి నుంచి వచ్చే జవాబు చాలాసార్లు ఒక్కటే: ‘బలం గోలీ’.

ఆ డబ్బాను తిప్పి చూస్తే వెనకవైపు సన్నటి అక్షరాల్లో, ఇది ఔషధంగా వాడటానికి కాదని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆరోగ్య పోషకాలుగా అమ్మే సరుకు మీద ఆ మాట ఉండి తీరాలని ఆహార భద్రతా సంస్థ 2016 నాటి నిబంధన. అది చదివి కొనేవాళ్లు తక్కువ. డాక్టరు చీటీలో ఉంది, మందుల షాపులో దొరికింది, రేటు కూడా మందులా ఉంది. కొన్నవాళ్లు దాన్ని మందనుకోక ఏం చేస్తారు?

క్యూ10 బూటకం కాదు. పనికొచ్చే చోట అది పనికొస్తుంది. అయితే చాలామంది విషయంలో ఒళ్లు తనంతట తాను తయారు చేసుకునే పదార్థమది. దానికోసం ఇంటి డబ్బు నెలనెలా ఖర్చవుతుంటే, ఒళ్లు తయారు చేసుకోలేని ఫోలేట్, బి12, చాలినంత చేసుకోలేని నియాసిన్‌ల సంగతి అదే ప్రాంతంలో వెనక్కి జారిపోతోంది. ఆస్పత్రుల ఊరికీ అడవి అంచుకూ మధ్య వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఈ వరస తలకిందులైంది. దాన్ని సరిచేయాలంటే ముందు ఈ పదార్థం ఒంట్లో ఏం చేస్తుందో, నోట్లో వేసుకున్నది ఒంటికి ఎంత పడుతుందో చూడాలి.

1957లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ క్రేన్ పశువు గుండె కండరం నుంచి పసుపుపచ్చని పదార్థం ఒకటి వేరుచేశాడు. మరుసటి ఏడాది మెర్క్ కంపెనీలో కార్ల్ ఫోకర్స్ బృందం దాని నిర్మాణం తేల్చింది. ఒక చిన్న వలయం, దానికి పొడవాటి కొవ్వు తోక. మనిషిలో ఆ తోకకు పది ముక్కలుంటాయి కాబట్టి పక్కన 10 అంకె చేరింది. ఎలుకలో ఎక్కువగా ఉండేది తొమ్మిది ముక్కలదే.

కణంలో మైటోకాండ్రియా అనే భాగం ఉంది. తిన్న అన్నం, పప్పు, నూనె చివరికి ఎలక్ట్రాన్లుగా మారి చేరేది దాని లోపలి పొరలోకే. ఆ పొరలో కదలకుండా కూర్చున్న పెద్ద ప్రోటీన్ సముదాయాలు వరసగా ఉంటాయి. మొదటి రెండు సముదాయాల దగ్గర ఎలక్ట్రాన్లను ఎక్కించుకుని మూడోదాని దగ్గర దించడమే క్యూ10 పని. గోదావరి మీద వంతెన లేని రేవులో పడవ ఎలా రోజంతా అటూ ఇటూ తిరుగుతుందో ఇదీ అలాగే తిరుగుతుంది. దించి ఖాళీగా వెనక్కి వస్తుంది, మళ్లీ ఎక్కించుకుంటుంది. ఈ క్రమంలో పొరకు ఒకవైపు ప్రోటాన్లు పోగుపడతాయి. అవి తిరిగి ఇవతలికి వచ్చేటప్పుడు, కణం శక్తిగా ఖర్చు చేసుకునే ఏటీపీ అనే పదార్థం తయారవుతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు తోటి శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మలేదు. చెప్పిన పీటర్ మిచెల్‌కు 1978లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఏటీపీ దగ్గరికి వస్తే కథ గోదావరి ఒడ్డుకే చేరుతుంది. భద్రాచలం దాటి, పాపికొండల మధ్య నుంచి దిగి నది చేరే రాజమండ్రిలో పెరిగినవాడు యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది 1895లో, భీమవరంలో. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని గుర్తించిన ఇద్దరిలో ఆయన ఒకరు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దాన్ని కనుక్కున్నాడు. ఏ క్షణంలో చూసినా మనిషి ఒంట్లో ఉండే ఏటీపీ పావుకిలోకు మించదు. అదే ఏటీపీ ఖర్చవుతూ, మళ్లీ తయారవుతూ ఒక్క రోజులో దాదాపు మనిషి బరువంత చేతులు మారుతుంది. క్యూ10 లేకపోతే ఈ తిరుగుడు చాలావరకు ఆగిపోతుంది. అమ్మకందారులు చెప్పే ‘శక్తి’ మాటకు ఆధారం ఇదే. అంతవరకూ నిజమే.

అసలు తిరకాసు ఆ తర్వాత ఉంది. ఒంటికి ఇంత ముఖ్యమైనదైతే బయటి నుంచి వేసుకుంటే మంచిదే కదా అన్నది పైకి సబబుగా కనిపించే వాదన. కానీ క్యూ10 విటమిన్ కాదు. ఒళ్లు చాలినంత చేసుకోలేనిది, తిండితో రావలసింది విటమిన్. క్యూ10ను ఒంట్లోని కణాలు తామే చేసుకుంటాయి. వలయానికి కావలసిన సరుకు పప్పులో, గుడ్డులో, మాంసంలో ఉండే టైరోసిన్ నుంచి వస్తుంది. తోక కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే తయారవుతుంది. మొత్తం ఒంట్లో ఉండేది ఒకటి రెండు గ్రాములు. తిండి నుంచి రోజుకు అందేది మూడు నుంచి ఆరు మిల్లీగ్రాములు. గుండె, కాలేయం, చేపలు, వేరుశనగ, నువ్వుల్లో ఇది కాస్త ఎక్కువే ఉన్నా, కిలో వేరుశనగపప్పులో ముప్పై మిల్లీగ్రాముల లోపే. వంద మిల్లీగ్రాముల గుళిక ఒకటి వేసుకుంటే దాదాపు మూడు వారాల తిండిలో వచ్చేదంతా ఒక్కసారే మింగినట్టు.

మింగినదంతా ఒంటికి పడుతుందా అంటే, పట్టదు. నీళ్లలో ఇది కరగదు. గది వేడిలో గట్టి పలుకులుగా ఉంటుంది, కరిగి నూనెలా మారాలంటే యాభై డిగ్రీల దాకా వేడి కావాలి. మనిషి ఒళ్లు ముప్పై ఏడు డిగ్రీలే. పలుకుల రూపంలో ఉన్నదాన్ని పేగు గోడ లోపలికి రానివ్వదు. అణువులు విడివిడిగా కొవ్వులో కలవాలి, ఆ కొవ్వును పైత్యరసం సన్నటి బిందువులుగా చెదరగొట్టాలి, అప్పుడే చిన్నపేగు గోడలోకి చేరుతుంది. పరగడుపున పొడి మాత్ర మింగి పైన గ్లాసు నీళ్లు తాగితే చాలా భాగం వచ్చిన దారినే బయటికి పోతుంది. నూనెలో కరిగించి మెత్తటి గుళికలో పెట్టిన రకం, అదీ నూనె లేదా నెయ్యి పడిన భోజనంతో వేసుకుంటే, మెరుగు. ఒకేసారి మూడు వందల మిల్లీగ్రాములు మింగేకంటే రెండు మూడు పూటలుగా పంచుకుంటే ఎక్కువ నిలుస్తుంది. మోతాదు పెంచిన కొద్దీ పట్టే శాతం తగ్గడమే దీనికి కారణం.

పేగు దాటాక కూడా ఇది తిన్నగా రక్తంలోకి వెళ్లదు. కొవ్వు రేణువులతో కలిసి శోషరస నాళాల గుండా ఛాతీ పైదాకా వెళ్లి అక్కడ రక్తంలో కలుస్తుంది. అందుకే రక్తంలో దీని మోతాదు గరిష్ఠానికి చేరడానికి ఐదారు గంటలు, ఒక్కోసారి ఎనిమిది గంటలు పడుతుంది. కాలేయం కొంత పట్టి, మళ్లీ కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులతో బయటికి పంపుతుంది. ఇరవై నాలుగు గంటలప్పుడు రక్తంలో రెండోసారి పెరుగుదల కనిపించేది దీనివల్లే. ఒకసారి చేరింది సగానికి తగ్గడానికి ముప్పై గంటల పైనే పడుతుంది. ‘పొద్దున వేసుకున్నా, పది గంటలకల్లా హుషారొచ్చింది’ అనే మాటకు ఈ లెక్కలో చోటు లేదు. పది గంటలకు ఆ గుళిక ఇంకా పేగులోనే ఉంటుంది.

యుబిక్వినాల్ అని రేటు పెంచి అమ్మే రకం సంగతీ చూడాలి. మామూలు క్యూ10 ఎలక్ట్రాన్లను ఎక్కించుకున్న రూపమే ఇది. మామూలుది మింగినా పేగు గోడ దాటేసరికి చాలావరకు ఆ రూపంలోకే మారిపోతుంది. కొన్ని తయారీలు మిగతావాటికంటే బాగా పడతాయన్నది నిజమే. కానీ ఆ తేడా ఎక్కువగా దాన్ని ఏ నూనెలో, ఎంత బాగా కరిగించారన్నదాన్ని బట్టి వస్తుంది. డబ్బా ముందువైపు పేరును చూసి ఇది తేలదు.

మరి ఎవరికి పనికొస్తుంది? మొదటి వరసలో వచ్చేవాళ్లు చాలా తక్కువమంది, కానీ వాళ్లకు ఇది ప్రాణం. క్యూ10 తయారీకి కావలసిన జన్యువుల్లోనే లోపంతో పుట్టిన పిల్లలు వాళ్లు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న ప్రతులు అందితేనే ఈ జబ్బు వస్తుంది కాబట్టి, మేనరికాలు ఇప్పటికీ చేసుకునే మన ప్రాంతంలో పిల్లల డాక్టర్లు దీన్ని మనసులో ఉంచుకోవాలి. మూత్రపిండాలు, కండరాలు, మెదడు దెబ్బతినే ఈ జబ్బుల్లో తొందరగా గుర్తించి ఎక్కువ మోతాదులో క్యూ10 ఇస్తే కొందరిలో నష్టం ఆగుతుంది.

రెండోది గుండె బలహీనత. జపాన్‌లో 1970లలోనే దీన్ని గుండె జబ్బుకు మందుగా అనుమతించారు. 2014లో వెలువడిన క్యూ సింబియో పరీక్షలో 420 మంది రోగులు పాల్గొన్నారు. మామూలు గుండె మందులతో పాటు రోజుకు మూడు వందల మిల్లీగ్రాములు రెండేళ్లు వాడినవాళ్లలో పెద్ద గుండె సమస్యలు 15 శాతం మందికి వస్తే, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 26 శాతం మందికి వచ్చాయి. ఆశ పుట్టించే ఫలితమే. అయితే 420 మంది అనేది గుండె మందుల పరీక్షల్లో చిన్న సంఖ్య. ఇది చూసి ఉన్న మందులు మాని దీన్ని వాడమని ఎవరూ చెప్పలేదు.

మూడోది ఎక్కువమందికి సంబంధించింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు కొలెస్ట్రాల్ తయారీ దారిని మొదట్లోనే మూస్తాయి. క్యూ10 తోక కూడా అదే దారిలో తయారవుతుంది కాబట్టి రక్తంలో అదీ తగ్గుతుంది. స్టాటిన్ వాడేవాళ్లలో కొందరికి కండరాలు పీకుతాయి. ఈ రెండింటినీ ముడిపెట్టి క్యూ10 రాయడం వాడుకైంది. ముడి చక్కగానే ఉంది కానీ, పరీక్షల్లో నిలబడలేదు. కొన్నింటిలో నొప్పి కాస్త తగ్గింది, కొన్నింటిలో తేడా లేదు. పరీక్షలన్నీ కలిపి 2015లో చూసిన సమీక్షలో లాభం తేలలేదు. పైగా రక్తంలో దీన్ని మోసేది ఎల్‌డీఎల్ రేణువులే. అవి తగ్గితే దాని మోతాదూ తగ్గినట్టు కనిపిస్తుంది. కండరం లోపల కూడా అంతే తగ్గిందని అర్థం కాదు. నొప్పి వస్తే డాక్టరుకు చెప్పి మోతాదో రకమో మార్పించుకోవాలి. గుండెపోటు వచ్చిన మనిషి తనంతట తాను స్టాటిన్ మానేయడం మాత్రం ప్రమాదం.

వణుకు జబ్బు పార్కిన్సన్స్‌లో ఆరు వందల మందితో పెద్ద పరీక్ష పెట్టారు. రోజుకు 1,200, 2,400 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. జబ్బు నెమ్మదించలేదని 2014లో ప్రకటించారు. సంతాన చికిత్సలో ఇంకా గట్టి ఆధారం రాలేదు. గుండె కవాటాలు మార్పించుకుని రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లు దీన్ని డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. ఆ మందు పనిని ఇది తగ్గించిన ఉదాహరణలున్నాయి. కీళ్లవాతపు జ్వరం చిన్నతనంలో వచ్చి కవాటాలు చెడినవాళ్లు పేద ఇళ్లలోనే ఎక్కువ కనుక, ‘బలం గోలీయే కదా’ అని షాపులో ఇచ్చేముందు ఈ ఒక్క ప్రశ్న అడగడం కనీస బాధ్యత.

ఇక ఆస్పత్రుల ఊరు దాటి గోదావరి అవతలికి వెళ్దాం.

ఎలక్ట్రాన్లు క్యూ10 దగ్గరికి చేరేముందు వాటిని మోసుకొచ్చేది ఎన్‌ఏడీ అనే మరో సహ ఎంజైమ్. దాన్ని చేయడానికి నియాసిన్ అనే బి విటమిన్ కావాలి. ఇది అందకపోతే వచ్చే జబ్బు పెల్లాగ్రా. ఎండ తగిలే మెడ, చేతులు, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, చివరికి మతి చలిస్తుంది. మొక్కజొన్న తినే దేశాల జబ్బుగా పుస్తకాల్లో రాసుకున్న దీన్ని హైదరాబాద్ ఆస్పత్రుల్లో జొన్నలు తినే కూలీలలో చూశారు. కూనూరు నుంచి 1958లో హైదరాబాద్ తరలివచ్చి తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా మారిన ప్రయోగశాలలో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా ఇది ఎందుకని వెతికారు. జొన్నలో నియాసిన్ మరీ తక్కువేం కాదు. కానీ లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. ట్రిప్టోఫాన్ నుంచి ఒళ్లు కొంత నియాసిన్ చేసుకుంటుంది. ఆ పనికి లూసిన్ అడ్డుపడుతోందని వాళ్లు 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. తర్వాత వచ్చినవాళ్లంతా దాన్ని ఒప్పుకోలేదు, వాదం దశాబ్దాలు సాగింది. అయినా ఒక సంగతి స్థిరపడింది: తిండిలో పదార్థం ఉండటం వేరు, అది ఒంటికి అక్కరకు రావడం వేరు.

భద్రాచలం కొండల్లో ఈ మాట పుస్తకాలదే కాదు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో పాపికొండల్లోని కొండరెడ్ల మధ్య తిరిగి రాసిన పుస్తకంలో వాళ్ల తిండి వివరాలున్నాయి. పోడులో పండిన జొన్న ఉన్నన్నాళ్లు జొన్న, అది అయిపోతే జీలుగు చెట్టు బోదెలోని గుజ్జు, మామిడి టెంకల్లోని జీడి. జొన్నకు తోడుగా పప్పూ, వేటమాంసమూ, చేపా ఉన్న రోజుల్లో లోటు రాదు. జొన్న ఒక్కటే మిగిలిన రోజుల్లోనే వస్తుంది. ఇవాళ చిరుధాన్యాలు మళ్లీ పళ్లెంలోకి వస్తున్నాయి, మంచిదే. కానీ జొన్నరొట్టె పక్కన పప్పుగిన్నె లేకుండా చిరుధాన్యాల ప్రచారం సగమే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక జొన్న తగ్గి అన్నం పెరిగింది. మర పట్టి తెల్లగా తోమిన బియ్యం, దాన్ని వండి గంజి వంపేయడం, ఆకుకూరను ఉడికించి ఆ నీళ్లు పారబోయడం: ఇంటింటా జరిగే ఈ మూడు పనుల్లో బి విటమిన్లు నీళ్లపాలవుతాయి.

అన్నింటికంటే ఎక్కువ పోయేది ఫోలేట్. ఇక్కడ సుబ్బారావు మళ్లీ వస్తాడు. ఆయన అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో చనిపోయారు. పేగు లోపలి పొర దెబ్బతిని తిన్నది ఒంటికి పట్టకుండా పోయే జబ్బది. ఆయుర్వేదంలో గ్రహణి అనే కోవలోకి వస్తుంది. ఆయనకూ అది సోకి, వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో తేరుకున్నాడు. రెండు దశాబ్దాల తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అమెరికా వైద్యుడు టామ్ స్పైస్ దాన్ని క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి రక్తం మెరుగుపడటం చూశాడు. సుబ్బారావు 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ఆయన బృందం చేసిన ఆ ఫోలిక్ యాసిడ్ ఇవాళ దుమ్ముగూడెం అంగన్‌వాడీలోనూ, చర్ల ఆశ్రమ పాఠశాలలోనూ మాత్రల్లో ఉంటుంది.

ఆకుకూరలోని ఫోలేట్‌కు గ్లుటమిక్ ఆమ్లపు తోకలు ఉంటాయి. వాటిని పేగు గోడలోని ఎంజైమ్ కత్తిరించాలి, అప్పుడే లోపలికి పోతుంది. అందుకే కూరలోనిది సుమారు సగమే ఒంటికి పడుతుంది. మాత్రలోని ఫోలిక్ యాసిడ్‌కు ఒకే గ్లుటమిక్ ముక్క ఉంటుంది కనుక అన్నంతో వేసుకుంటే 85 శాతం దాకా, పరగడుపునైతే దాదాపు అంతా పడుతుంది. క్యూ10ది దీనికి పూర్తిగా తిరగబడిన తీరు. అంత ఖరీదైన గుళిక ఒంటికి పట్టేది కొద్దిగానే. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాత్ర దాదాపు పూర్తిగా పడుతుంది.

ఈ రెండింటికీ ఒంట్లో చుట్టరికం కూడా ఉంది. క్యూ10 వలయానికి మిథైల్ అనే చిన్న ముక్కలు అంటించాలి. వాటిని అందించే చక్రం ఫోలేట్, బి12 ఉంటేనే సవ్యంగా తిరుగుతుంది. ఫోలేట్ తక్కువైన ప్రతివాళ్లకూ క్యూ10 కొరవడుతుందని దీని అర్థం కాదు, అలా ఎవరూ రుజువు చేయలేదు. క్యూ10 తయారీకి కావలసిన సరంజామా పోపుడబ్బాలో, పప్పుగిన్నెలో, ఉచిత మాత్రలో ఉందన్నది మాత్రం జీవరసాయనం చెప్పే మాట.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం. మొత్తం రాష్ట్రం లెక్క ఇది. మలేరియా, నులిపురుగులు, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు కలిసి తిరిగే అడవి అంచున రక్తం తగ్గడానికి కారణాలు ఇంకా పెరుగుతాయి. 2018 నుంచి రక్తహీనత నివారణ పథకంలో చిన్న పిల్లలకు గులాబీ రంగు, పది నుంచి పంతొమ్మిదేళ్ల వారికి నీలం రంగు మాత్ర వారానికొకటి ఇస్తున్నారు. గర్భిణులకు రోజుకొక ఎర్ర మాత్ర, కనీసం 180 రోజులు. ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్.

చేతికిచ్చిన మాత్ర కడుపులోకి వెళ్తోందా అన్నది వేరే సంగతి. ఐరన్ వల్ల కడుపులో తిప్పుతుంది, మలం నల్లగా వస్తుంది. ఇలా అవుతుందని ముందే చెప్పకపోతే మొదటి వారంలోనే అట్ట మూలకు చేరుతుంది. గర్భిణికి ఐరన్‌తో పాటు కాల్షియం మాత్రా ఇస్తారు. రెండూ కలిపి మింగితే ఐరన్ సరిగా పట్టదు, రెండు గంటలైనా తేడా ఉండాలి. టీతో మింగినా అంతే. నిమ్మరసం నీళ్లతో మింగితే మేలు. ఆశా కార్యకర్తకు ఇవన్నీ తెలుసు. కానీ ఆమె చెప్పేది తెలుగులో, వినే అమ్మాయి ఇంట్లో మాట్లాడేది కోయలో, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలకైతే తెలుగు రావడం ఇంకా తక్కువ. మాత్రల అట్ట మీద ఇంగ్లీషు, హిందీ.

రేషన్ బియ్యంలో కలిపే బలవర్ధక గింజల విషయంలో ఏం జరిగిందో అందరూ చూశారు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి బియ్యం పిండితో చేసిన ఆ గింజలు నీళ్లలో పోస్తే తేలుతాయి, రంగులో కాస్త తేడాగా ఉంటాయి. ముందు చెప్పినవాళ్లు లేక ‘ప్లాస్టిక్ బియ్యం’ అని పల్లెల్లో చేటలో పోసి ఏరి పారేశారు. దేశంలో రేషన్ బియ్యమంతా ఇలా చేయడానికి ప్రభుత్వం పెట్టుకున్న గడువు 2024 మార్చి. అంత ఖర్చుతో చేసిన పనిని ఒక చేట ఓడించింది. తప్పు చేట పట్టిన ఆమెది కాదు.

పట్నం మనుషులకూ ఇందులో పాఠం ఉంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గుతుందన్నది గట్టిగా తేలిన విషయం. పాదాలు తిమ్మిరెక్కుతాయి, నీరసం వస్తుంది. ఆ నీరసానికి చాలామంది కొంటున్నది క్యూ10 డబ్బా. చేయించుకోవలసింది మాత్రం బి12 రక్తపరీక్ష. బి12 లోటు ఉన్న మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపించి నరాలు లోపల దెబ్బతింటూనే ఉంటాయి. ‘బలం గోలీ’ ఏదైతేనేం అనుకోవడానికి వీల్లేదు.

కాబట్టి డాక్టర్లను అడగాల్సింది చిన్న సాయమే. క్యూ10 రాస్తే ఎందుకో, ఎన్నాళ్లో చీటీలో ఒక ముక్క రాయాలి, భోజనంతో వేసుకోమని చెప్పాలి. మూడు నెలల్లో తేడా కనిపించకపోతే ఆపేయాలి. పింఛనులోనో, పత్తి అమ్మిన డబ్బులోనో కోత పెట్టుకుని కొనే మనిషికి ఆ మాత్రం లెక్క చెప్పడం వైద్యంలో భాగమే. అడవి అంచున పని ప్రభుత్వానిది. మాత్రల అట్టతో పాటు బొమ్మల చీటీ, తెలుగు లిపిలో కోయ మాటలు, ఆశ్రమ పాఠశాలలో మాత్ర టీచరు ఎదుటే మింగించడం, ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో నులిపురుగుల మందు తప్పకుండా ఇవ్వడం. వీటిలో కొత్తగా కనిపెట్టాల్సింది ఏదీ లేదు.

అన్నింటికంటే తొందరైనది సికిల్ సెల్ రోగుల మాట. మామూలు ఎర్ర రక్తకణం 120 రోజులు బతుకుతుంది, వాళ్లలో పది నుంచి ఇరవై రోజులే. రాలిపోయిన కణాల స్థానంలో కొత్తవి చేయడానికి మూలుగ రేయింబవళ్లు ఫోలేట్ ఖర్చు చేస్తుంది. అందుకే వాళ్లకు ఫోలిక్ యాసిడ్ రోజూ కావాలి, వారానికొకటి చాలదు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో ఏడు కోట్ల మందికి పరీక్షలు చేసి కార్డులు ఇవ్వాలని పెట్టుకుంది. పరీక్ష చేసి కార్డు చేతిలో పెట్టడంతో పని మొదలవుతుంది, అయిపోదు. జులై, ఆగస్టుల్లో తాలిపేరు, శబరి, గోదావరి పొంగితే చాలా గూడేలకు దారి ఉండదు. 2022 జులైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆగిపోయాయి. కార్డు ఉన్న ప్రతి మనిషికీ మూడు నెలల ఫోలిక్ యాసిడ్ మాత్రలు జూన్ నెల దాటకముందే ఇంటికి చేర్చే ఏర్పాటు భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, జిల్లా వైద్యశాఖ కలిసి ఈ ఏడాదే చేయాలి. ఏ గూడెంలో ఎన్ని అట్టలు ఇచ్చారో పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో రాసి పెట్టాలి.